ఏడో సంఖ్య కూడా అచ్చు వేయాల్సింది

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ విద్యా పేజీలో '2, 3, 5 మాత్రమే కారణాంకాలుగా గల సంఖ్యలు' అనే శీర్షికతో ఒక పైథాన్ ప్రోగ్రాం వేశారు. దాని కింద ఫలితం కూడా వేశారు: 1, 2, 3, 4, 5, 6. అంతవరకూ అన్నీ ఒప్పే. ప్రోగ్రాంని ఇంకొక్క అడుగు నడిపించి ఏడో సంఖ్య కూడా వేసి ఉంటే, అక్కడ 8 ఉండాల్సిన చోట మళ్లీ 6 కనబడేది. తప్పు 'ఎలిఫ్' అనే ఒక్క మాటలోనే ఉంది. గుంటూరులోనూ విజయవాడలోనూ జెరాక్స్ షాపుల్లో దొరికే ల్యాబ్ నోట్సుల్లో కూడా ఇదే మాట ఇలాగే తిరుగుతోంది. వాటిలోనూ ఫలితం ఆరో సంఖ్య దగ్గరో, ఇంకా ముందో ఆగిపోతుంది. అందుకే కొంచెం పొడుగైనా ఈ ఉత్తరం.

ముందు విషయం. ఒక సంఖ్యను 2తో పోయినన్నిసార్లు, 3తో పోయినన్నిసార్లు, 5తో పోయినన్నిసార్లు భాగించాక 1 మిగిలితే అది ఈ వరుసలోది. 60 అవుతుంది. 14 కాదు, 7 మిగిలిపోతుంది. 1 కూడా వరుసలోదే, దానికి వేరే ప్రధాన కారణాంకం ఏదీ లేదు కాబట్టి. ఈ వరుసను ఆరోహణ క్రమంలో, ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా పుట్టించడమే సమస్య. 1976లో అచ్చయిన తన పుస్తకంలో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దీన్ని చర్చిస్తూ గణిత శాస్త్రవేత్త హామింగ్ పేరు చెప్పాడు. అప్పటి నుంచి ఇవి హామింగ్ సంఖ్యలు. ప్రోగ్రామింగ్ పోటీల్లో అగ్లీ నంబర్లు అంటారు. మీ పేజీలో దాన్ని 'వికృత సంఖ్యలు' అని తెనిగించారు. భాగహారంలో ఇంత సాధువైన సంఖ్యలు వేరే లేవు, ఆ పేరు వాటికి అన్యాయం.

1, 2, 3… అంటూ ఒక్కో సంఖ్యనూ భాగించి చూసుకుంటూ పోవడం మొద్దు పద్ధతి. ఫలితం తప్పు రాదు గానీ ఈ సంఖ్యలు పోనుపోను పలచబడిపోతాయి. 100 లోపు 34 ఉంటాయి, 1,000 లోపు 86, పది లక్షల లోపు 507 మాత్రమే. పోటీల్లో తరచూ అడిగే 1,500వ సంఖ్య 85,99,63,392, అంటే 2¹⁷ × 3⁸. మొద్దు పద్ధతిలో దాన్ని చేరాలంటే దాదాపు 86 కోట్ల సంఖ్యలను పరీక్షించాలి. పైథాన్‌లో నిమిషాలకు నిమిషాలు పడుతుంది. సరైన పద్ధతిలో 1,499 అడుగులు చాలు.

ఆ సరైన పద్ధతికి ఆధారం చిన్న విషయం. వరుసలో 1 తప్ప ప్రతి సంఖ్యా అదే వరుసలో అంతకు ముందున్న ఏదో సంఖ్యకు 2 రెట్లో, 3 రెట్లో, 5 రెట్లో అయ్యుంటుంది. కాబట్టి లిస్టు మీద, ఒక్కో గడిని చూపే వేళ్లలా, మూడు పాయింటర్లు పెట్టుకుంటాం: రెండుది, మూడుది, ఐదుది. ఒక్కొక్కటి తాను నిలబడ్డ సంఖ్యకు తన రెట్టును చూపిస్తుంది. మూడింటిలో చిన్నది లిస్టులో చేరుతుంది. ఇంద్రకీలాద్రి మీద మూడు క్యూలైన్లు ఒక గుమ్మం దగ్గర కలిసినట్టే.

కాగితం మీద నడిపి చూద్దాం. లిస్టులో 1 ఒక్కటే ఉంది, మూడు పాయింటర్లూ దాని మీదే ఉన్నాయి. అవి చూపేవి 2, 3, 5. చిన్నది 2, చేర్చాం, రెండు పాయింటర్ ఒక గడి జరిగింది. ఇప్పుడు 4, 3, 5. చిన్నది 3, మూడు పాయింటర్ జరిగింది. ఇప్పుడు 4, 6, 5. చిన్నది 4. తర్వాత 6, 6, 5. చిన్నది 5. తర్వాత 6, 6, 10.

ఇక్కడ ఆగాలి. రెండు పాయింటర్ 3 మీద నిలబడి 6 అంటోంది. మూడు పాయింటర్ 2 మీద నిలబడి 6 అంటోంది. సంఖ్య ఒకటే, వచ్చిన దారులు రెండు. 6ని ఒక్కసారి చేర్చి, దాన్ని చూపిన పాయింటర్లన్నిటినీ జరపాలి. అప్పుడు 8, 9, 10 వస్తాయి, చిన్నది 8. మీరు వేసిన ప్రోగ్రాంలో రెండో షరతు, మూడో షరతు 'ఎలిఫ్'తో మొదలయ్యాయి. ఎలిఫ్ అంటే పై షరతు నిజమైతే కిందివాటి మొహం చూడదు. అందుకని రెండు పాయింటర్ జరిగి, మూడు పాయింటర్ కదలకుండా 6 దగ్గరే ఉండిపోతుంది. తర్వాతి అడుగులో చిన్నది మళ్లీ 6. ఆ మూడు షరతులూ విడివిడి 'ఇఫ్'లు కావాలి. 30 దగ్గరకు వచ్చేసరికి మూడు పాయింటర్లూ ఒకే సంఖ్య చూపిస్తాయి (2 × 15, 3 × 10, 5 × 6), మూడూ ఒకే అడుగులో జరగాలి.

ఒక్క 6 రెండుసార్లు వస్తే కొంప మునిగిందా అని అనుకోవచ్చు. అది ఒక్కదానితో ఆగదు, లిస్టులోని నకళ్లకు మళ్లీ రెట్లు పుడతాయి. 10 రెండుసార్లు, 12 మూడుసార్లు వస్తాయి. లెక్క సూటిగానే ఉంటుంది: ఒక సంఖ్య కారణాంకాలను ఎన్ని వరుసల్లో రాయగలమో అన్నిసార్లు అది వస్తుంది. 12ని 2·2·3, 2·3·2, 3·2·2 అని మూడు రకాలుగా రాయొచ్చు. 30కి ఆరు రకాలు, 60కి పన్నెండు. మొత్తం కలిపితే 60 లోపు 26 సంఖ్యలు రావాల్సిన చోట 73 వస్తాయి. 60 లోపు ఉన్నవే 60 సంఖ్యలు! మొద్దు పద్ధతికన్నా కూడా ఎక్కువ పని అన్నమాట. హద్దు పెంచితే కుదుటపడుతుందనుకోవడానికీ లేదు. 1/2 + 1/3 + 1/5 కలిపితే 31/30 వస్తుంది, ఒకటి దాటింది. అందుకే నకళ్ల సంఖ్య హద్దుకన్నా వేగంగా పెరుగుతూనే ఉంటుంది.

దీన్ని కనిపెట్టిన విద్యార్థులు కొందరు చివర్లో లిస్టుని, నకళ్లను ఉంచుకోని సెట్‌లో వేసి, సార్ట్ చేసి చూపిస్తారు. తెర మీద ఫలితం శుభ్రంగానే ఉంటుంది. కానీ లోపల చేసిన పని అంతా అలాగే ఉంది, పైగా ఎన్నో సంఖ్య కావాలో అన్ని అడుగులు వేసి ఆపితే సెట్‌లో మిగిలేవి తక్కువవుతాయి. 72 అడుగులకు 26 చేతికొస్తాయి.

ఇంకో చిన్న జాగ్రత్త. ప్రతి అడుగులో గుణకారం మళ్లీ చేయకుండా మూడు రెట్లనూ ముందే లెక్కేసి దాచుకునేవాళ్లు ఉంటారు, మంచి అలవాటే. అలాంటప్పుడు ముందు లిస్టులో చేర్చాలి, తర్వాత పాయింటర్ జరపాలి. తిరగేస్తే మొదటి అడుగులోనే పాయింటర్ ఇంకా పుట్టని గడి మీదికి పోయి ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది. హీప్ (ఎప్పుడూ అతిచిన్న సంఖ్యను ముందు తీసి ఇచ్చే అమరిక) వాడే పద్ధతి కూడా ఉంది. అందులో నకళ్లు రాకుండా ఉండాలంటే, తీసిన సంఖ్యను దాని అతిపెద్ద ప్రధాన కారణాంకంతోనూ, అంతకన్నా పెద్దవాటితోనూ మాత్రమే గుణించాలి. 6 నుంచి 18, 30 పుట్టాలి, 12 పుట్టకూడదు. 12 ఎలాగూ 4 నుంచి వస్తుంది.

ఫలితం ఒప్పో కాదో ఎలా తెలుస్తుంది? మొదటి అరడజను చూసి తలూపడం కాదు, లెక్కతో సరిచూడాలి. హద్దు లోపు ఎన్ని ఉండాలో వరుసను పుట్టించకుండానే కచ్చితంగా లెక్కించవచ్చు. హద్దు 100 అనుకోండి. 5 లేని సంఖ్యలతో మొదలుపెడదాం. 100ని 1, 3, 9, 27, 81తో భాగిస్తే పూర్ణాంక భాగఫలాలు 100, 33, 11, 3, 1. ఒక్కోదాని లోపు 2 ఘాతాలు (1, 2, 4, 8…) ఎన్ని ఉన్నాయో చూస్తే 7, 6, 4, 2, 1, మొత్తం 20. ఒక 5 ఉన్నవాటికి 5, 15, 45తో భాగిస్తే 20, 6, 2. వాటిలో 2 ఘాతాలు 5, 3, 2, మొత్తం 10. రెండు 5లు ఉన్నవాటికి 25, 75తో భాగిస్తే 4, 1. వాటికి 3, 1, మొత్తం 4. మూడు 5లు అంటే 125, హద్దు దాటింది. 20 + 10 + 4 = 34. పైథాన్‌లో అయితే ప్రతి భాగఫలానికీ 'బిట్ లెంగ్త్' అడిగితే సరిపోతుంది, ఒక సంఖ్య లోపు ఎన్ని 2 ఘాతాలున్నాయో అది నేరుగా చెబుతుంది. రెండు లూపులు, నాలుగు లైన్ల ప్రోగ్రాం. దీని జవాబూ పాయింటర్ల జవాబూ కలవకపోతే ఎక్కడో తప్పుందని అర్థం.

సుమారు లెక్క చాలనుకుంటే ఇంకా తేలిక. హద్దును √30తో (30 అంటే 2 × 3 × 5) గుణించి లాగరిథం తీసి, ఘనం చేసి, 6 × లాగ్ 2 × లాగ్ 3 × లాగ్ 5తో భాగించాలి. లాగరిథం ఏ ఆధారానికి తీసినా ఒకటే. 100కి 34.1 వస్తుంది, పది లక్షలకు 508. అసలు జవాబులు 34, 507. దీనికి అన్న లాంటి చిన్న సూత్రం, 2, 3 మాత్రమే కారణాంకాలైన సంఖ్యలకు, రామానుజన్ 1913 జనవరి 16న ఇంగ్లండులోని గణిత శాస్త్రవేత్త హార్డీకి రాసిన మొదటి ఉత్తరంలో ఉంది: లాగ్ 2న × లాగ్ 3న, దాన్ని 2 × లాగ్ 2 × లాగ్ 3తో భాగించాలి, 'న' అంటే హద్దు. 100 పెడితే 19.84 వస్తుంది. పైన 5 లేనివి లెక్కపెడితే వచ్చింది 20. కంప్యూటర్లు పుట్టకముందు కుంభకోణం కుర్రవాడు రాసిన సూత్రంతో నేటి ల్యాబ్ ప్రోగ్రాంని దిద్దుకోవచ్చంటే, ఆ ఒక్క ముక్కా విద్యా పేజీకి బాక్స్ ఐటమ్ అవుతుంది.

ఇక పెద్ద సంఖ్యల దగ్గర జరిగే ప్రమాదాలు. 1,691వ హామింగ్ సంఖ్య 212,57,64,000. తర్వాతది సరిగ్గా 2³¹, అంటే 214,74,83,648. 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య దీనికన్నా ఒకటి తక్కువ. జావాలో ఇంట్ వాడి రాసినవాళ్లకు 1,691 వరకూ అంతా ఒప్పే వచ్చి, 1,692వది మైనస్ 214,74,83,648 అని పడుతుంది. మైనస్ సంఖ్య అన్నిటికన్నా చిన్నది కాబట్టి 'చిన్నది తీసుకో' అన్న నియమం దాన్నే ముందుకు తెస్తుంది, అక్కడి నుంచి వరుసంతా చెత్త. సీలో అయితే ఏం వస్తుందో భాషే హామీ ఇవ్వదు. జావాలో 64 బిట్ల లాంగ్ వాడితే ప్రమాదం వెనక్కి జరుగుతుందే తప్ప పోదు. మరీ పెద్దవి కావాలంటే బిగ్ ఇంటిజర్ తప్పదు.

పైథాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు కాబట్టి ఈ బాధ లేదని ధీమాగా ఉంటారు. అక్కడ గొయ్యి వేరేచోట ఉంది. భాగించడానికి ఒక గీత (/) వాడితే ఫలితం దశాంశ సంఖ్య అవుతుంది, రెండు గీతలు (//) వాడితే పూర్ణాంకంగానే ఉంటుంది. 3⁴⁰ అంటే 12157665459056928801. దీనికి రెట్టింపు తీసుకుని ఒక గీతతో 2తో భాగించండి. 3⁴⁰ తిరిగి రావాలి. రాదు. దానికి దగ్గరగా ఉన్న, 2,048తో పోయే ఒక సరి సంఖ్య వస్తుంది. బేసి కాస్తా సరి అయింది. ఇక 2తో భాగించే లూపు ఆగాల్సిన చోట ఆగకుండా భాగిస్తూ పోతుంది, హామింగ్ సంఖ్యను 'కాదు' అని తేలుస్తుంది. 2⁵³ దాటాక ఇలాంటివి ఎక్కడైనా జరగొచ్చు.

లాగరిథంతో 'పూర్ణ ఘాతమేనా' అని పరీక్షించడం కూడా అంతే. పైథాన్‌ని 5 ఆధారంగా 125 లాగరిథం అడిగితే 3 అనదు, 3.0000000000000004 అంటుంది. దగ్గరి అంచనాకు లాగరిథం వాడండి, తీర్పుకు పూర్ణాంకాలే వాడండి.

సున్నా సంగతి ఒక్క మాట. భాగహార పరీక్షకు 0 ఇస్తే, 0 రెండుతో పోతుంది, పోగా 0 మిగులుతుంది, అది మళ్లీ రెండుతో పోతుంది. ల్యాబ్‌లో 'సిస్టం హ్యాంగ్ అయింది సార్' అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. మొదటి లైనులోనే సున్నా, రుణ సంఖ్యలను వెనక్కి పంపేయాలి.

జ్ఞాపకశక్తి, అంటే మెషీన్‌ది, చాలదని పెద్ద వరుసలకు భయపడక్కర్లేదు. లిస్టు మొత్తం దాచనవసరం లేదు. అందరికన్నా వెనక ఉండేది ఐదు పాయింటర్. అది దాటిపోయిన గడులను పారేయవచ్చు. పది లక్షలవ సంఖ్య దగ్గర ఉన్నప్పుడు చేతిలో ఉంచుకోవాల్సినవి సుమారు 24,600 మాత్రమే. ఆ పది లక్షలవ సంఖ్య 2⁵⁵ × 3⁴⁷ × 5⁶⁴, మొత్తం 84 అంకెలు. ఎవరి ప్రోగ్రాం అయినా దీన్ని ఇస్తే ఇక అనుమానం అక్కర్లేదు. 7ని కూడా కలిపి నాలుగో పాయింటర్ పెట్టినవాళ్లకు గీటురాయి వేరు: 5,842వ సంఖ్య సరిగ్గా 200 కోట్లు రావాలి.

ఇదంతా పోటీ పరీక్షల ముచ్చటే అనుకునేవారికి, బడిలోని వాస్తవ సంఖ్యల పాఠం గుర్తు చేయాలి. హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతే దశాంశం అంతమవుతుందని అక్కడ చెబుతాం. పది బదులు అరవైతో లెక్కించేవారికి ఆ హక్కు 3కి కూడా వస్తుంది. బాబిలోనియా వాళ్లు అరవైతోనే లెక్కించేవారు, వాళ్ల విలోమాల పట్టికల్లో ఉన్నవి ఇలాంటి సంఖ్యలే. మన పంచాంగం కూడా అరవైదే. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. రోజును 54 సమభాగాలు చేయండి: ఒక్కో భాగం 1 ఘడియ, 6 విఘడియలు, ఆపైన విఘడియలో అరవయ్యో వంతులు 40. కచ్చితంగా అయిపోయింది, ఏమీ మిగల్లేదు. 54 హామింగ్ సంఖ్య మరి. అదే రోజును 7 భాగాలు చేస్తే ఎంత దూరం పోయినా తెగదు.

నేటి ఉపయోగం సిగ్నల్, ఇమేజ్ ప్రాసెసింగ్‌లో ఉంది. సిగ్నల్‌ను అందులోని పౌనఃపున్యాలుగా విడదీసే ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ తన డేటా పొడవును చిన్న కారణాంకాలుగా విడగొట్టి పని చేస్తుంది, పెద్ద ప్రధాన సంఖ్య తగిలితే నెమ్మదిస్తుంది. అందుకని చివర్లో సున్నాలు చేర్చి పొడవును సర్దుతారు. మీ దగ్గర 2,049 శాంపిళ్లు ఉన్నాయనుకోండి, అది 3 × 683. 2 ఘాతానికి సర్దాలంటే 4,096కి పోవాలి, దాదాపు సగం సున్నాలే. హామింగ్ సంఖ్యకు సర్దితే 2,160 చాలు. 7ని కూడా ఒప్పుకుంటే 2,058, అంటే 2 × 3 × 7³, తొమ్మిది సున్నాలతో పని అయిపోతుంది. ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీ ఓపెన్‌సీవీలో తగిన పొడవు చెప్పే ఫంక్షన్ వెతికేది 2, 3, 5 కారణాంకాల సంఖ్యలనే. ప్రాజెక్టు పేరుతో దాన్ని వాడే ఇంజినీరింగ్ విద్యార్థికి లోపల నడిచేది రెండో ఏడు ల్యాబ్‌లో తాను తప్పుగా రాసిన వరుసే అని ఎవరైనా చెబితే బాగుండు.

సవరణ వేస్తారని ఆశిస్తున్నాం. ప్రోగ్రాంలో మార్చాల్సినవి రెండు ఎలిఫ్‌లే, వాటిని ఇఫ్‌లుగా దిద్దితే చాలు. ఫలితం మాత్రం ఆరు దగ్గర ఆపకుండా 60 వరకూ వేయండి: 1, 2, 3, 4, 5, 6, 8, 9, 10, 12, 15, 16, 18, 20, 24, 25, 27, 30, 32, 36, 40, 45, 48, 50, 54, 60. ఇరవై ఆరు. ఒక కాలమ్‌లో నాలుగు లైన్లు పడుతుంది.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు కొందరు,
గుంటూరు